నాలుగో అర్జీ

"ఆ కొత్త ఆఫీసరు భవానీదేవి వచ్చేదాకా ఎవరూ కదలకూడదు."

వీరబాబు గ్రామ సచివాలయం తలుపులన్నీ గడియపెట్టి, కొబ్బరిబొండాలు కొట్టే కత్తితో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

కత్తి చూడగానే సిబ్బంది గడియ పడకముందే మాయమయ్యారు. చిక్కుకుపోయింది ముగ్గురు. కాలేజీ సర్టిఫికెట్ కోసం వచ్చిన నిఖిత, పాస్‌బుక్ కోసం వచ్చిన రైతు కొండబాబు, అప్పుడే వచ్చి బెంచీ చివర కూర్చున్న ఎవరో పెద్దావిడ.

కొండబాబు కత్తి లాక్కుందామని లేవబోయాడు. ఆవిడ అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"కదలకండి. చేతులు అతనికి కనబడేలా పెట్టుకోండి."

నిఖిత వణికిపోతోంది.

"మెల్లగా ఊపిరి తీసుకోమ్మా. గోడమీద ఆ బల్లినే చూస్తూ ఉండు."

తర్వాత వీరబాబు వైపు తిరిగింది.

"మంచినీళ్ళు తాగుతారా అండీ?"

వీరబాబు తెల్లబోయాడు.

"కత్తి పట్టుకున్నోడికి మర్యాదలేంటండీ," కొండబాబు గొణిగాడు. భయంతో ఈవిడకి మతి పోయిందనుకున్నాడు.

"ఇంతకీ ఏమైందండీ?" ఆవిడ అడిగింది.

"మా అమ్మకి కళ్ళు కనబడట్లేదండీ. ఆపరేషన్‌కి తీసుకెళ్తే, ఆరోగ్య కార్డులో మనిషి చచ్చిపోయినట్టుందన్నారు. ఆ ఆఫీసరే సంతకం పెట్టిందట. మా అమ్మ పక్కనే కూర్చుని వినేసిందండీ ఆ మాట."

మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"అర్జీ పెట్టేరా?"

"మూడు పెట్టేనండీ. ఎవరు చదివేరు?"

"నాలుగోది నేను రాస్తాను. చెప్పండి."

నిఖిత దగ్గర పెన్నూ కాగితం తీసుకుని, అతను చెప్పిందంతా ఒక్క ముక్క పోనివ్వకుండా రాసింది. మధ్యలో "ఆయ్" అనడం తప్ప మాట్లాడలేదు. రాసింది చదివి వినిపించింది. గంట పట్టింది.

అర్జీలు రాసుకుని బతికే మనిషి కాబోలు అనుకుంది నిఖిత. ఆ బల్లి సంగతి ఎప్పుడో మర్చిపోయింది.

"ఇక్కడ సంతకం చెయ్యండి. చేతిలో అది ఉంటే ఎలా చేస్తారు?"

వీరబాబు కత్తి బల్లమీద పెట్టి సంతకం చేశాడు. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

గడియ తీసేసరికి బయట పోలీసులు.

"నేనూ వస్తాను. ఇతనిమీద చెయ్యి పడకూడదు," అంటూ ఆవిడ సంచీలోంచి తన పెన్ను తీసి, కాగితం అడుగున ఏదో రాసింది. "సెక్రటరీ గారికి ఇవ్వమ్మా," అని నిఖిత చేతిలో పెట్టి, వీరబాబు పక్కనే జీపెక్కింది.

జీపు మలుపు తిరిగిపోయింది.

"పేరైనా అడగలేదు మనం," కొండబాబు సిగ్గుపడ్డాడు.

నిఖిత కాగితం చూసింది.

అర్జీ కింద ఆకుపచ్చ సిరా ఇంకా ఆరలేదు: "పొరపాటు నాదే. ఈ రోజే సరిచేయండి. భవానీదేవి."