తిన్నాక మూడు గంటలు

"నువ్వు కదలకు. ఐదు టమాటాలు తిన్నావు. మూడు గంటలు!" అంది ఫోతిని, మొగుడి ముందున్న ఖాళీ డబ్బా మూస్తూ. మరుక్షణం ఆమె నీళ్లలో ఉంది.

స్టమాటిస్ గొడుగు కింద చతికిలబడ్డాడు. ఆండ్రోస్ దీవికి సెలవులకొచ్చి ఇది ఐదో రోజు. ఐదు రోజులుగా ఇదే వరస. పదకొండు కొట్టగానే బియ్యం కూరి కాల్చిన టమాటాలు అతనికి మెడదాకా పెడుతుంది. తనొక్కటీ ముట్టదు. పెట్టిన చేత్తోనే ఈదుకుంటూ పోయి, ఆ చివరనున్న పెద్ద బండ చుట్టూ తిరిగి మాయమైపోతుంది. ఒంటిగంట దాటాక తిరిగొస్తుంది, కూనిరాగం తీసుకుంటూ. నిన్నయితే వీపంతా నూనె! తన చెయ్యి తనకందని చోట కూడా. అదీ కొట్లో అమ్మే క్రీము కాదు, అచ్చమైన ఆలివ్ నూనె.

ఎవడి చెయ్యి?

వెంటపడి చూద్దామంటే కుదరదు. తిన్నాక మూడు గంటలు నీళ్లలో దిగకూడదు. దిగితే కండరాలు పట్టేసి మునిగిపోతారు. ఇది తల్లి కల్యోపి స్టమాటిస్‌కి ఉగ్గుపాలతో పట్టిన నియమం. నలభై నాలుగేళ్లొచ్చినా అతను దాన్ని జవదాటలేదు. అందుకే తీరాన కూర్చుని తీరని అనుమానంతో వేగిపోతున్నాడు. ఎదురుగా అలలు, లోపల అలకలు.

పక్క గొడుగు కింద థొదోరిస్ బాబాయ్ పుచ్చకాయ కొరుకుతున్నాడు. ఓడల్లో టికెట్లు చింపి చింపి రిటైరైన మనిషి. ఇప్పుడు చింపడానికి టికెట్లు లేక పక్కవాళ్ల పరువు చింపుతుంటాడు.

"మీ ఆవిడది మంచి ఈతోయ్. కొందరిది ఎదురీత. ఈవిడది ఎవరికో ఎదురెళ్లే ఈత."

"నోరు మూసి నమలు బాబాయ్. గింజలు రాలుతున్నాయి."

"గింజలేగా! నిన్న నేను చూసింది చెబితే నువ్వే రాలిపోతావు."

"ఏం చూశావేంటి?"

"చేపలకని పడవలో అటు పోయాను. బండ వెనక ఓ గడ్డిటోపీ. ఓ నీలం చొక్కా. మగాడి చొక్కా."

"అక్కడికి దారేది? అంతా నిలువు కొండ కదా!"

"ఇటు నుంచి లేదు. అటు పక్క ఊరి నుంచి కాలిబాట ఉంది. చొక్కా అటు నుంచి నడిచొస్తుంది, మీ ఆవిడ ఇటు నుంచి ఈదుకెళ్తుంది. నువ్వేమో మధ్యలో కూర్చుని టమాటాలు అరిగించుకుంటున్నావు."

స్టమాటిస్ పేరులో ఉన్న టమాటా అంతా ముఖంలోకి వచ్చేసింది.

"పోనీ, మీ అమ్మనైనా తీసుకురావాల్సిందోయ్. కోడలి మీద ఓ కన్నేసి ఉంచేది."

"ఎలా తెస్తా? ఇద్దరూ ఆరేళ్లుగా ఉప్పూ నిప్పూ. ఆవిడొస్తే నేను రానంది ఇది. ఇది ఉన్నచోట కాలు పెట్టనని అమ్మ ఏథెన్స్‌లోనే ఉండిపోయింది. ఏం చెయ్యమంటావు బాబాయ్? నేనంటే ఇద్దరికీ ప్రాణం, నా కోసమే కొట్టుకుంటారు." ఆ మాట అంటున్నప్పుడు మాత్రం స్టమాటిస్ మీసం కాస్త పైకి లేచింది.

"ప్రాణమే మరి! ఒకావిడ ప్రాణం ఏథెన్స్‌లో ఉంది. ఇంకొకావిడది బండ వెనక ఉంది."

మీసం దిగిపోయింది.

స్టమాటిస్ గడియారం చూసుకున్నాడు. తిని గంటా పది నిమిషాలు. బండ వైపు చూశాడు. పైన గడ్డిటోపీ అంచు ఒకటి తళుక్కున మెరిసి మాయమైంది. అంతే. దిగులుతో ఒడ్డున చావడం కంటే, దిగి నీళ్లలో చావడమే మేలనిపించింది. లేచాడు.

"ఒరేయ్, మూడు గంటలు కాలేదురా!" థొదోరిస్ బాబాయ్ చేతిలో పుచ్చకాయ జారిపోయింది. ఇంతటి ఘోరం ఆయన కూడా ఊహించలేదు.

నీళ్లు మోకాలికొచ్చాయి. కడుపుకొచ్చాయి. కడుపులో టమాటాలు ఒక్కొక్కటే హాజరు పలికాయి. సగం దూరంలో కుడి పిక్క చురుక్కుమంది. "అమ్మా!" అనుకున్నాడు. అయినా ఆగలేదు. పిక్క పట్టేసినా సరే, వాణ్ణి పట్టెయ్యాలి.

బండ చేరేసరికి ఫోతిని నవ్వు వినబడింది. ఆ నవ్వు తన దగ్గర నవ్వి ఎన్నేళ్లయిందో!

"ఇంకో గంటన్నర దాకా కదలడు, మెడదాకా మేపి వచ్చాను. మనిద్దరం ఇలా కలుస్తున్నామని తెలిస్తే పాపం, తట్టుకోలేడు."

స్టమాటిస్ బండ మలుపు తిరిగాడు. చదునైన రాతి మీద ఫోతిని కళ్లు మూసుకుని హాయిగా కూర్చుంది. ఈత దుస్తుల పట్టీలు భుజాల కిందకి జారి ఉన్నాయి. వెనకాల, చేతులు మడిచిన నీలం చొక్కా. ముఖం కనబడకుండా వంగిన గడ్డిటోపీ. పక్కన ఆలివ్ నూనె సీసా. అరచేతి నిండా నూనె పోసుకుని, ఆ చొక్కా తన పెళ్లాం వీపు రుద్దుతోంది. తీరిగ్గా, ప్రేమగా, ఏళ్ల తరబడి అలవాటున్నట్టుగా.

"ఒరేయ్! నా పెళ్లాం మీంచి చెయ్యి తియ్యరా!" అని గావుకేక పెట్టాడు స్టమాటిస్, సగం సముద్రం మింగుతూ.

చెయ్యి ఆగింది. గడ్డిటోపీ మెల్లగా ఇటు తిరిగింది. నూనె కారుతున్న చూపుడువేలు ఒకటి అతని మీదకి లేచింది.

"స్టమాటీ! ఐదు టమాటాలు మింగి గంటన్నరైనా కాలేదు, అప్పుడే నీళ్లలోకెలా దిగావురా? అమ్మ చూడట్లేదనుకున్నావా?"