కింది గది

పదవీ విరమణ అయ్యాక బస్సు డ్రైవరుకు ఒకటే కోరిక మిగిలింది. నాలుగు రోజులు చక్రమనేది కంటపడని చోట ఉండాలి.

అలాంటి చోటు ఒకటుంది. పాత కోట ఉన్న చిన్న దీవి. అక్కడికి మోటారు బండ్లను రానివ్వరు.

"బండ్లు లేకపోతే నేనెలా తిరుగుతానండీ? నా మోకాళ్ళ సంగతి మరిచారా?" అంది భార్య.

"తిరగడమెందుకు? కూర్చుందాం. నేను తిరిగింది ఇద్దరికీ సరిపోతుంది."

ఇద్దరూ ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళారు. బల్ల వెనకున్న అమ్మాయి కంప్యూటర్ చూసి పెదవి విరిచింది.

"అక్కడన్నీ పాతకాలం మేడలండీ. లిఫ్టులుండవు. కింది గదులు ఎప్పుడో అయిపోయాయి. పై గదులైతే ఉన్నాయి."

భార్య ముఖం చిన్నబోయింది.

"పోనీ మీరొక్కరే వెళ్ళిరండి," అంది.

"నువ్వు లేకుండా అక్కడ నేనేం చేస్తాను, అలలు లెక్కపెట్టనా?"

పక్క కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న పెద్దావిడ కల్పించుకుంది.

"రేవు పక్కనే ఒకప్పుడు ఓడల సుంకం వసూలు చేసిన ఇల్లు ఉంది. అందులో కింది గది అడగండి. గుమ్మం దిగితే ఇసకే."

"అది ఖాళీ ఉండదండీ," అంది అమ్మాయి.

"కాసేపాగి అడిగి చూడమ్మా."

ఆవిడ ఫోన్ తీసుకుని బయటికి నడిచింది. గాజు తలుపు అవతల నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. డ్రైవరు ఓరకంట చూశాడు. బస్టాండుల్లో ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూశాడో.

"ఏజెంటు," అన్నాడు భార్య చెవిలో. "బేరం తగిలిందని వాళ్ళకు కబురు పెడుతోంది."

"ఊరుకోండి. మీకందరూ అలాగే కనపడతారు."

అమ్మాయి ఆ ఇంటికి ఫోన్ చేసి, ఆశ్చర్యంగా తలెత్తింది.

"ఇప్పుడే ఖాళీ అయిందటండీ."

'నేను చెప్పలా' అన్నట్టు డ్రైవరు భార్య వైపు చూశాడు. గదిని మాత్రం వదులుకోలేదు.

బయటికి వస్తుంటే పెద్దావిడ ఎదురైంది.

"సముద్రం వైపు కిటికీ మూయకండి బాబూ. పొద్దున వెలుతురే వచ్చి లేపుతుంది."

"మీ కమీషన్ మీకు ముడుతుందిలెండి. ఇక మమ్మల్ని వదిలేయండి," అన్నాడు డ్రైవరు.

ఆవిడ తెల్లబోయింది. అంతలోనే తేరుకుని భార్య చెయ్యి పట్టుకుంది.

"హాయిగా ఉండిరామ్మా," అని లోపలికి వెళ్ళిపోయింది.

హాయిగానే ఉన్నారు.

మొదటి రాత్రి నిద్రలో డ్రైవరు కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంది. తర్వాత ఆ కాలికీ తెలిసొచ్చింది, తొక్కడం మానేసింది. భార్య గుమ్మంలో కూర్చుని, ఇసకలో పాదాలు పెట్టుకుని, దారిన పోయే వాళ్ళందరినీ పలకరించింది. ఒక సాయంత్రం ఆయన భుజం పట్టుకుని కోట ఫిరంగుల దాకా నడిచి, అక్కడే కూలబడి, చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

తిరుగు ప్రయాణం నాటి ఉదయం ఆ ఇంటి వంటావిడ టీ తెచ్చింది.

"మీ ఏజెంటు గారికి మా దణ్ణాలు చెప్పండమ్మా," అన్నాడు డ్రైవరు. "ఆ రోజు కాస్త దురుసుగా మాట్లాడాను."

"మాకు ఏజెంట్లెవరూ లేరే అన్నయ్యగారూ."

"అదే, ట్రావెల్స్ ఆఫీసు దగ్గర్నుంచి మీకు ఫోన్ చేశారు చూడండి, పెద్దావిడ."

వంటావిడ చేతిలోని కప్పులు బల్లమీద పెట్టింది.

"ఆవిడా? ఏటా ఈ రోజుల్లో ఈ గదిలో దిగేది ఆవిడేనండీ, ఇది మీకిచ్చేశాక మేడమెట్లు తనూ ఎక్కలేరు కదా, అందుకని ఈ ఏడు రావడమే మానుకున్నారు."