నిమిషానికి నూట పద్నాలుగు

ఆ శనివారం ఇంట్లో ఉన్నది నలుగురు. మంచం మీద లారీ మెకానిక్. పక్కన స్టూలు మీద, అతని కుడిచెయ్యి పట్టుకుని గోడ గడియారం వంక చూస్తున్న భార్య. హాల్లో అతని తల్లి. వంటింట్లో, బ్యాండులో బాకా ఊదే తమ్ముడు. బాకా మాత్రం ఇంట్లో లేదు. దాన్ని ఐదు రోజుల కిందటే స్నేహితుడి ఇంటికి పంపేశారు.

మెకానిక్‌కి వారానికి మూడు రోజులు డయాలసిస్. ఎడమచెయ్యి సూదులది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కుడిచెయ్యి భార్యది. రోజూ పొద్దున బీపీ మాత్ర వేసుకునే ముందు అతను పది నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఆమె నాడి పట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టి నోటుబుక్కులో రాయాలి. అతని తల్లి కూడా రోజూ వచ్చి ఎదురుగా కూర్చునేది. ఇంట్లో బీపీ మిషన్ లేకపోయినా గడియారం ఉంటే చాలన్నారు డాక్టరు.

చిక్కంతా ఆ నోటుబుక్కుతోనే వచ్చింది. డయాలసిస్ సెంటర్లో చూస్తే నిమిషానికి అరవై ఎనిమిది. ఇంట్లో చూస్తే నూట పది.

"అందరికీ ఆస్పత్రికొస్తే దడ పుడుతుంది. మీకు ఇంటికెళ్తే పుడుతోంది," అని డాక్టరు మాత్ర పెంచారు. పెంచిన మాత్రకి డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోయి, మెకానిక్ కుర్చీలోనే కళ్ళు తేలేశాడు. రెండుసార్లు మిషన్ మధ్యలో ఆపేశారు. తియ్యాల్సిన నీరు ఒంట్లోనే ఉండిపోయింది. కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు. మాత్ర తగ్గిద్దామంటే నోటుబుక్కు ఒప్పుకోవడం లేదు.

"ఇంట్లో ఆయన్ని ఏదో కలవరపెడుతోంది. శనివారంలోగా అదేంటో చూడండి. లేకపోతే ఇంకా గట్టి మందు రాయక తప్పదు," అన్నారు డాక్టరు.

వెతుకులాట మొదలైంది. ముందు బాకా పోయింది. తర్వాత టీవీ. తర్వాత కుక్కర్. పక్కింటివాళ్ళ గేటు కిర్రుమంటోందని దానికి నూనె కూడా వీళ్ళే పోసి వచ్చారు. నూట పది ఒక్క అంకె దిగలేదు.

"నేను బానే ఉన్నాన్రా," అన్నాడు మెకానిక్. "గుండె నాది. గట్టిగా కొట్టుకుంటే నాకు తెలీదా?"

"ఇంజన్ చప్పుడు ఇంజన్‌కి తెలుస్తుందా అన్నయ్యా? వినేవాడికి తెలుస్తుంది," అన్నాడు తమ్ముడు.

"ఇంతకంటే విశ్రాంతి కావాలంటే నన్ను నలుగురు మొయ్యాలి."

"శుభం పలకరా అంటే ఇదీ వీడి మాట," అంది హాల్లోంచి తల్లి.

చివరికి ఉపాయం తమ్ముడే చెప్పాడు. పోలీసుస్టేషన్లో దొంగని గుర్తుపట్టించినట్టు, ఒక్కొక్కళ్ళే గదిలోకి వచ్చి మంచం ఎదురుగా నిలబడాలి. వదిన లెక్కపెట్టాలి.

ముందు తనే నిలబడ్డాడు. ఎనభై రెండు. బాకా ఊదుతున్నట్టు బుగ్గలు పూరించి మళ్ళీ నిలబడ్డాడు. ఎనభై ఒకటి.

"చూశారా, పాపం దాన్ని అనవసరంగా ఇల్లు దాటించారు," అన్నాడు.

తర్వాత తల్లి వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడింది.

"నూట పద్నాలుగు," అంది భార్య.

తల్లిని బయటికి పంపారు. ఎనభై నాలుగు. లోపలికి పిలిచారు. నూట పద్దెనిమిది. మూడోసారి ఆవిడ గుమ్మంలో ఒక్క కాలే పెట్టి ఆగింది. నూట రెండు.

తల్లి పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"తొమ్మిది నెలలు నా గుండె కిందే కొట్టుకుంది వీడి గుండె," అంది తల్లి. "ఇప్పుడు నన్ను చూస్తే దడా?"

"నాకేం లేదే అమ్మా. ఒట్టు."

"నువ్వు మాట్లాడకు. నీ మొహమాటం నీది. నీ గుండెకి మొహమాటం లేదు."

ఆవిడ తన గదిలోకి వెళ్ళి సంచి సర్దుకుంది. కూతురింటికి వెళ్ళిపోతానంది. కూతురుండేది మూడో అంతస్తులో. ఆవిడ మోకాళ్ళకి అదొక కొండ. ఒకసారి ఎక్కితే మళ్ళీ దిగి ఈ ఇంటికి రావడమనేది జరిగే పని కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

"వెళ్ళకండి అత్తయ్యా," అంది కోడలు.

"వెళ్ళకపోతే వాడికి మందు పెంచుతారు. నా కొడుకు బతకాలి. లెక్క చెప్పింది నువ్వేగా."

"ఉన్నదే చెప్పానండీ."

"ఉన్నదే చెప్పావు. అదే నా ఖర్మ."

అప్పుడే సెంటర్ నర్సు వచ్చింది. ఆమె చేతిలో గట్టి మందు రాసిన చీటీ ఉంది. ఇచ్చేముందు ఇంట్లో ఒకసారి నాడి చూసి రమ్మన్నారట డాక్టరు.

నర్సు మెకానిక్ కుడిచెయ్యి పట్టుకుని నిమిషం చూసింది. "అరవై తొమ్మిది."

"అమ్మ ఈ గదిలో లేదండీ. అందుకే," అన్నాడు తమ్ముడు.

నర్సు ఆవిణ్ణి పిలిచి కొడుకు పక్కనే మంచం మీద కూర్చోబెట్టింది. ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నర్సు మళ్ళీ చూసింది. డెబ్బై.

"ఏదీ, ఇప్పుడు మీరు చూడండి," అంది భార్యతో.

అదే చెయ్యి. అదే మంచం. అత్తగారు కన్నార్పకుండా చూస్తోంది.

"నూట... ఇరవై ఆరు."

నర్సు ఆమె వేళ్ళవంక వంగి చూసింది.

"బొటనవేలు పెట్టి నొక్కితే మీకు తెలిసేది ఆయన నాడి కాదమ్మా, మీదే," అని నర్సు అనగానే, అత్తగారు సంచి ఎత్తుకుని తిన్నగా తన గదిలోకి నడిచి, "అత్తయ్యా" అంటూ వెనకే పరిగెత్తుకొచ్చిన కోడలి ముఖం మీద తలుపు వేసేసింది.