పెళ్ళిగుర్రం గొంతు

"ముహూర్తాలు మొదలయ్యేలోపు ఈ గడ్డ కోసెయ్యండి మేడమ్," అన్నాడు కాశీరావు. వన్ టౌన్‌లో పెళ్ళిఊరేగింపులకి గుర్రాన్ని అద్దెకి తిప్పే మనిషి.

పశువుల డాక్టరు హేమ గుర్రం గొంతు కింద తడిమి చూసింది. "థైరాయిడ్ వాచిందండీ. దీనివల్ల గుర్రానికేం బాధ లేదు."

"వీడియోలో పడుతోందండీ. పెళ్ళివాళ్ళు వంక పెడుతున్నారు."

"పూలదండ వేస్తే కనపడదుగా. గడ్డ పక్కనే సన్నటి నరం ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే సకిలింపు పోవచ్చు."

"పోతే పోనీండి. పెళ్ళికొడుకులు బెదరకుండా ఉంటారు." పగ్గం పట్టుకుని నిలబడ్డ భార్యను చూపించాడు. "మా పేరమ్మకీ ఇదే ఆపరేషన్ చేయించా. గొంతు పోయిందనుకోండి. అయితేనేం, మెడ చూడండి, నెక్లెసు ఎంత బాగా అమిరిందో. ఇల్లూ ప్రశాంతం."

ఏదో ఘనమైన మాట అన్నట్టు తనే నవ్వుకున్నాడు. హేమ నవ్వలేదు.

పేరమ్మ గుర్రం మెడ నిమిరింది. అది ఒక్కసారిగా సకిలించింది. కాశీరావు ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు.

పేరమ్మ పెదవులు కదిలాయి. మాట గాలిలా వచ్చింది.

"దీని గొంతన్నా ఉండనీ. బెదురైతే నువ్వు చెవులు మూసుకో."