సోమవారానికి పడని ఎరుపు

“ఎరుపు వద్దు,” అంది అత్తయ్య, మూడో షోరూములో కూడా.

నాకు ఏడుపొచ్చింది. పెళ్లయిన నెలకే కొంటున్న కారు. ట్రయల్ వేసినప్పుడు మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ అవలీలగా ఎక్కేసింది. వెనక మామయ్య దురియన్ పళ్ల బుట్టలు నాలుగు పట్టాయి. దాని హారన్ విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తోంది!

“చంతబురి ఊరు మొత్తం వెతికాం అత్తయ్యా! ఇంకో రంగు ఆర్నెల్లకి గానీ రాదట.”

“రానీ. పుట్టిన వారానికి పడని రంగు తెచ్చుకుంటే ముప్పు.”

“మీ అబ్బాయి పుట్టింది శుక్రవారం. శుక్రవారానికి ఎరుపు మంచిదేనని గుడిలో భిక్షువుగారే చెప్పారు.”

“వాడి సంగతెవరికి కావాలి? స్టీరింగు పట్టుకుంటే చాలు, కునుకు తీస్తాడు. నడిపేది నువ్వు. నువ్వు పుట్టింది సోమవారం. దానికి ఆకుపచ్చ మంచిది, ఎరుపు పడదు.”

నేను నా భర్త థానిత్ వైపు చూశాను. “నేను చెప్పలేదు,” అన్నాడు.

“మీ అమ్మకి ఫోన్ చేసి కనుక్కున్నా,” అంది అత్తయ్య. “ఏం, కనుక్కోకూడదా?”

ఇన్నాళ్లూ కొడుకు కోసమే ఈ పట్టుదల అనుకుని లోలోపల ఎంత తిట్టుకున్నానో!

అత్తయ్య నా ముఖం చూసి నిట్టూర్చింది. సేల్స్ అమ్మాయిని పిలిచింది.

“సరే, ఇదే ఇవ్వమ్మా. వెనక అద్దం మీద ‘ఈ కారు ఆకుపచ్చది’ అని స్టిక్కర్ అంటించు. గ్రహాలకి కనబడేంత పెద్దగా.”