కోటమ్మ ఇంటి నీళ్ళు

తెల్లారేసరికి కోటమ్మకు వాంతులు పట్టుకున్నాయి.

మాచర్ల శివార్లలో ప్రభుత్వం కట్టిచ్చిన ఇళ్ళవి. పై అంతస్తులో కోటమ్మ ఒంటరిగా ఉంటుంది. కాళ్ళు పడిపోయిన మనిషి. మోటారు చెడిపోయిన దగ్గర్నుంచి పైకి నీళ్ళెక్కడం లేదు.

కబురందగానే సేవాబృందం దిగింది. ముందు ఫ్యాన్సీ షాపు మంగతాయారు, వెనక వాలంటీర్లు. అందరివీ ఒకే రంగు టీషర్టులు. ముసలివాళ్ళకు అన్నం పొట్లాలు పంచుతారు, ఫొటోలు తీసుకుంటారు. మంచిపనే, కాదనలేం. కానీ ఆ మంచి ఇంకెవరైనా చేస్తే మాత్రం వాళ్ళకు ఒళ్ళు మంట.

ఆ మంటంతా ఇప్పుడు హనుమయ్య మీదుంది.

హనుమయ్యది ఏ ఊరో ఎవరికీ తెలియదు. తల నెరిసిన మనిషి. రోజూ పొద్దున్నే బస్సు దిగి వస్తాడు. కింద బోరింగు దగ్గర కోటమ్మ బిందె నింపి, భుజాన పెట్టుకుని పైకి మోస్తాడు. ఆమె గుడ్డలుతికి, ఇల్లూడ్చి వెళ్ళిపోతాడు. బృందంలో చేరమంటే, "నాకెందుకులేమ్మా" అన్నాడు. అది మంగతాయారు ఇంకా మర్చిపోలేదు.

"చుట్టం కాదు, పక్కం కాదు. ఊరికే మోస్తాడా అక్కా?" అన్నాడు బ్రహ్మం. కింది ఇంట్లో ఉండే టిప్పర్ డ్రైవరు. "ముసలామె ఇంటి మీద కన్నేశాడు."

"ఇంకోటి చెప్పనా?" అంది పక్కింటి షంషాద్. "మా ఇంట్లో టీ తాగుతాడు. ఈ బ్రహ్మం వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగుతాడు. కోటమ్మత్త ఇస్తే మాత్రం గుక్క ముట్టడు. మెట్లెక్కి రొప్పుతా కూడా వద్దంటాడు."

మంగతాయారు కళ్ళు పెద్దవి చేసింది.

"తను మోసిన నీళ్ళు తనే తాగడా? అంటే ఏంది అర్థం?"

అర్థం అందరికీ ఒకేసారి తట్టింది. ఇలాంటివి తట్టడానికి మనవాళ్ళకు ఎంతసేపు!

అప్పుడే హనుమయ్య నిండు బిందెతో మెట్ల దగ్గరికొచ్చాడు. బ్రహ్మం అడ్డం తిరిగాడు.

"ఒరేయ్, ఆగు. ఈ నీళ్ళల్లో ఏం కలిపావ్?"

"ఏం కలుపుతానయ్యా? బోరింగు నీళ్ళే."

"అయితే తాగు."

హనుమయ్య బిందె కిందికి దించాడు.

"బోరింగు కొట్టు, దోసిలి పట్టి కడుపునిండా తాగుతా."

"బోరింగువి కాదు. ఆమె బిందెలోవి తాగు."

"ఆ బిందెలోవి నేను తాగకూడదు."

"ఎందుకు తాగకూడదు?" మంగతాయారు గొంతు లేచింది.

"అది చెప్పుకునేది కాదమ్మా."

బ్రహ్మం చెయ్యి అతని చెంప మీద పేలింది. హనుమయ్య తూలి గోడకు ఆనుకున్నాడు. ఎవరూ పట్టుకోలేదు. ఒక వాలంటీరు సెల్లు తీసి వీడియో పట్టాడు.

"ఇంకోసారి ఈ చాయల కనబడ్డావా, స్టేషన్లో పెట్టిస్తా. పో!" అంది మంగతాయారు.

హనుమయ్య కింద పడ్డ తువ్వాలు తీసుకున్నాడు.

"ఆమెకు వాంతులయ్యాయి. గొంతెండిపోయి ఉంటది. ముందు నీళ్ళు పైకి చేర్చండి," అన్నాడు.

షంషాద్ బిందెడు నీళ్ళూ కాలవలో కుమ్మరించింది. హనుమయ్య ఆ పారే నీళ్ళ వంక చూసి, తల దించుకుని రోడ్డెక్కాడు. కాసేపటికే గ్రూపుల్లో వీడియో తిరిగింది. వృద్ధురాలి ప్రాణం కాపాడారట!

మధ్యాహ్నానికి వెనక బ్లాకు రాజమ్మకు వాంతులు మొదలయ్యాయి. ఆ తర్వాత గురవమ్మకు. హనుమయ్య మోసిన నీళ్ళు వాళ్ళెప్పుడూ తాగలేదు.

సెలైన్ పెట్టడానికొచ్చిన ఆరెంపీ డాక్టరు అడిగాడు.

"రాత్రి ఏం తిన్నారు?"

"ఈయమ్మోళ్ళిచ్చిన పెరుగన్నం," అంది రాజమ్మ.

మంగతాయారు మొహంలో నెత్తురు చుక్క లేదు. రాత్రి కోటమ్మకూ ఇచ్చింది అదే, ఆమె మరిది ఇంట్లో ఫంక్షన్లో మిగిలిన పెరుగన్నం. ఎండలో సగం రోజు ఆటోలో ఉన్నదని ఆమెకు తెలుసు.

బ్రహ్మం హనుమయ్య కోసం బండేసుకుని బస్టాండుకు ఉరికాడు. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఏ ఊరి బస్సో కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుటి నుంచి కోటమ్మకు నీళ్ళిచ్చినవాళ్ళే లేరని.

మంగతాయారు తనే బిందె నింపి ఎత్తుకుంది. మెట్టు మెట్టుకూ ఆగింది. పైకి చేరేసరికి చీర సగం తడిసింది. కోటమ్మ పెదాలు పగిలి ఉన్నాయి. గ్లాసు అందుకుని గటగటా తాగింది.

"హనుమయ్య ఏడమ్మా?"

"పంపించేశాం పెద్దమ్మా," అంది మంగతాయారు. "నీ బిందెలో నీళ్ళు తాగమన్నాం. తాగలేదు. ఏదో కలిపాడనుకుని... బ్రహ్మం చెయ్యి చేసుకున్నాడు."

కోటమ్మ కళ్ళు మూసుకుంది.

"ఎట్టా తాగుతాడు తల్లీ? మా ఇంటి నీళ్ళు చచ్చినా ముట్టమని ఆయనింట్లో అందరూ ఒట్టేసుకున్నారు. మా పల్లెల్లో పగ పడితే అంతే."

"పగా? మరి నీకెందుకు మోస్తున్నాడు?"

"కోర్టులో నా కొడుకు మీద నేనే సాక్ష్యం చెప్పా. కళ్ళతో చూసింది చూసినట్టు చెప్పా. వాడికి యావజ్జీవం పడింది. నా వాళ్ళు నా మొహం చూడటం మానేశారు. చచ్చినా అడిగే దిక్కు లేనప్పుడు ఆయన వచ్చాడు."

"ఆ కేసుకూ ఆయనకూ ఏం సంబంధం పెద్దమ్మా?"

కోటమ్మ ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. గోడ వైపు తిరిగి మెల్లగా అంది.

"మావోడు నరికింది ఆయన కొడుకునే తల్లీ."