పక్క స్టేషను శవం

శవం మళ్ళీ వెనక్కి వచ్చింది.

హెడ్ కానిస్టేబుల్ ఆశీర్వాదం చేతిలో వెదురుగడతో కాలువ గట్టు మీద నోరు వెళ్ళబెట్టాడు. పొద్దున్నించి ఇది మూడోసారి.

కాలువలో శవం తేలితే వంతెన దాకా తోసెయ్యడం ఆ స్టేషనులో ఎప్పట్నించో ఉన్న అలవాటు. వంతెన దాటితే పక్క స్టేషను పరిధి. పంచనామా, పోస్టుమార్టం, కోర్టు చుట్టూ తిరగడం, అన్నీ వాళ్ళ ఖర్మ.

పొద్దున్న కబురు రాగానే మాత్రం ఆశీర్వాదానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. తమ్ముడు అబ్బులు కనబడక నాలుగు రోజులైంది మరి.

గడతో తిప్పి చూశాడు. మొహాన్ని చేపలు మిగల్చలేదు. మనిషి మాత్రం ఆరడుగుల పైమాటే, ఒంటి మీద డ్రాయరు తప్ప ఏమీ లేదు. అబ్బులు పొట్టివాడు, బక్కపలచటి మనిషి.

ప్రాణం లేచొచ్చింది ఆశీర్వాదానికి. ఎవడైతే నాకేంటనుకుని గట్టిగా తోశాడు.

అబ్బులు గొడవ ఊరందరికీ తెలిసిందే. రొయ్యల చెరువుల పెదబాబు ఉప్పునీళ్ళు వరిచేలల్లోకి వదులుతున్నాడని కలెక్టరుకి అర్జీ పెట్టాడు. ఆ వారమే మాయమయ్యాడు. కాలువ గట్టున అతని సైకిలు పడుంది. పక్కనే తలుపు బార్లా తీసి ఉన్న కడియం నర్సరీ మొక్కల లారీ. డ్రైవరు లేడు.

"మీ తమ్ముణ్ణి ఆ డ్రైవరే గుద్దేశాడండి. వెనకొచ్చిన వ్యానులో పడేసుకుని పారిపోయాడు. నా కళ్ళతో చూశాను" అని పెదబాబే వచ్చి చెప్పాడు.

తన మీద అర్జీ పెట్టినవాడి కోసం సాక్ష్యం చెప్పడమంటే మాటలా? ఆశీర్వాదం ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. రాజమండ్రి, కాకినాడ ఆస్పత్రులన్నీ గాలించాడు. ఆ డ్రైవరు దొరికితే స్టేషను దాకా కూడా తీసుకురానని పెళ్ళాం ముందు ఒట్టేశాడు.

"ఇది మామూలు శవం కాదండి, ఏటికి ఎదురొస్తోంది. మిమ్మల్నే అంటిపెట్టుకుంది" అన్నాడు లాకుల దగ్గర నీళ్ళు వదిలే లస్కరు రాముడు.

ఆశీర్వాదానికి ఒళ్ళు జలదరించింది. అయినా మొండిగా నడుంలోతు నీళ్ళలోకి దిగాడు.

శవం మొలకి కట్టిన తాడు చేతికి తగిలింది. లావుపాటి తాడు, కిందకి నీళ్ళలోకి పోతోంది.

"తాడురా బాబూ! అడుగున ఏ మొద్దుకో పట్టేసింది, బిగిసినప్పుడల్లా వెనక్కి గుంజుతోంది" అని పగలబడి నవ్వాడు.

కొడవలి అడిగి తీసుకుని కోసేశాడు. ఈసారి శవం బుద్ధిగా వంతెన కిందనించి వెళ్ళిపోయింది.

మర్నాడు కాలువ కట్టేశారు. ఏటా వేసవిలో మరమ్మతులకి కట్టేస్తారు. సాయంత్రానికి అడుగు బయటపడింది.

తాడు కోసి శవాన్ని వదిలిన చోటే, అడుసులో అబ్బులు ఉన్నాడు.

కాళ్ళకి ఇసుక నింపిన రెండు రొయ్యల మేత బస్తాలు కట్టేసి ఉన్నాయి. బస్తాల మీద పెదబాబు చెరువుల ముద్ర.

చంకల కింద మాత్రం వేరే తాడు. రొమ్ము నొక్కుకుపోకుండా, పైకి లాగడానికి వీలుగా వేసిన ముడి. లారీలో లోడు బిగించేవాళ్ళు వేసే ముడి. రెండో కొస కొడవలితో కోసి ఉంది.

ఆశీర్వాదం పరుగెత్తుకుంటూ పోయి, నిన్నటి శవాన్ని ఆపమని పక్క స్టేషనుకి ఫోన్ చేశాడు.

"అదా? మేమూ కిందకి తోసేశామండి. ఈపాటికి సముద్రంలో కలిసిపోయుంటుంది" అన్నారు అవతల.

ఆశీర్వాదం ఫోన్ పెట్టేశాడు.

ఇన్ని రోజులుగా తను చంపడానికి వెతుకుతున్న ఆ డ్రైవరే, మునిగిపోతున్న అబ్బుల్ని చూసి లారీ ఆపి, నడుముకి తాడు కట్టుకుని దూకినవాడు. ఆ తాడు విప్పేసుకుని ఉంటే బతికేవాడే.